మామగారి ముద్దకి నా ముద్ద

పుట్టింటికి వెళ్ళిన భార్యను తెచ్చుకోవడానికి ఎవరెవరు ఏం చేస్తారో నాకు తెలియదు. నేను చేసిన ఘోరం మాత్రం చెబుతాను. ఇందులో ఒక పెద్దాయన ప్రాణాలతో బయటపడ్డారు. ముందే చెప్పేస్తున్నాను, ఉత్కంఠ పెంచే ఓపిక నాకు లేదు.

ఆ రోజుల్లో ఏలూరులో కూర్చుని ఫోనులో న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాణ్ణి. మాటతో, ఒంటి తీరుతో ఎదుటివారి మనసును మనవైపు తిప్పుకునే విద్య అన్నారు. దానికో ఆన్‌లైన్ గ్రూపు. అంత మంచివాళ్ళను మళ్ళీ చూడలేదు. పొద్దున్నే "లేచాను" అని పెడితే చాలు, చప్పట్ల వాన. "మీలో మార్పు కనిపిస్తోంది సార్!"

ఆ మార్పు మా ఆవిడ సునీతకూ కనిపించింది. "ఆ గ్రూపుతోనే కాపురం చేసుకోండి" అని ఆకివీడులో పుట్టింటికి వెళ్ళిపోయింది.

గ్రూపులో మొరపెట్టుకున్నాను. తాడేపల్లిగూడెం ఆయన ఒకరు వెంటనే మందు చెప్పారు. "మిర్రరింగ్ చెయ్యండి బ్రదర్. మీ మామగారు ఏం చేస్తే అది చెయ్యండి, అద్దంలా ఉండండి. ఆయన మీ మనిషైపోతారు. అమ్మాయిని ఆయనే పంపుతారు." మళ్ళీ చప్పట్లు.

ఆదివారం మధ్యాహ్నానికి వెళ్ళాను. మామగారికి చేపల చెరువులున్నాయి. మాట మెత్తన, మర్యాద ఇంకా మెత్తన. "రండి బాబూ, భోంచేద్దురుగాని" అన్నారు. సునీత వంటింటి గుమ్మంలోంచి నన్ను గోడను చూసినట్టు చూసింది.

ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన ముద్ద కలిపితే నేనూ కలిపాను. ఆయన నీళ్ళు తాగితే నేనూ తాగాను. ఆయన మారు అన్నం పెట్టించుకుంటే నేనూ పెట్టించుకున్నాను. బల్ల కింద ఎడమచేత్తో గ్రూపుకు "బాగా కుదురుతోంది" అని కొట్టాను.

పెరుగన్నం అయింది. మామగారు నా కంచం వైపు చూసి, నిట్టూర్చి, మళ్ళీ చేపల పులుసు పోయించుకున్నారు. పెరుగు తర్వాత పులుసు! నేనూ పోయించుకున్నాను. ఆయన పంచె వదులు చేసుకున్నారు. నేను బెల్టు వదులు చేశాను. ఆయనకు చెమట పట్టింది. నాకూ పట్టింది గాని, అది సాధన కాదు, నా సొంతం.

"ఏవండీ, మీకు షుగరండీ!" అన్నారు అత్తగారు.

"అల్లుడుగారు తింటున్నారుగా" అన్నారాయన, కడుపులో మిగిలిన కాస్త గాలితో.

చివరికి ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. నాదీ ఆగింది.

"బాబూ, ఇంకా ఆకలుందాండీ?"

"లేదండీ. మీకుందేమోనని..."

"నాకెక్కడిదండీ! ఇంటికొచ్చినవారు తింటుంటే ముందు లేవడం బాగోదని కూర్చున్నానండీ. మీరు లేస్తే లేద్దామని పెరుగు కాణ్ణుంచీ చూస్తున్నాను."

"నేనూ మీరు లేస్తే లేద్దామనేనండీ."

మామగారు లేవబోయి కుర్చీలోకే ఒరిగిపోయారు. ఊళ్ళో డాక్టరు వచ్చి, షుగరు చూసి, ఏదో మందు వేసి, పడుకోబెట్టాడు. నాకు మందు వెయ్యలేదు. అదోలా చూసి వెళ్ళాడు.

అంతలో సునీత బ్యాగుతో వచ్చింది. "పదండి ఇంటికి."

"మీ నాన్నగారు ఒప్పుకున్నారా?"

"నోట మాటొస్తే కదండీ ఒప్పుకోడానికి! మీరు రేపు టిఫిను దాకా ఇక్కడుంటే నాకు నాన్న మిగలరు."

బస్సులో జరిగిందంతా గ్రూపుకు రాసి, "ఘోరంగా ఓడిపోయాను" అన్నాను. "ఓటమనేదే లేదు సార్, అంతా ఫీడ్‌బ్యాకే! మేడమ్ వచ్చేశారుగా!" ఏలూరు చేరేదాకా చప్పట్లే. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకు నన్నే ఉదాహరణగా చూపిస్తారట.

కొల్లేటి చేపల సాక్షిగా, ముఖ్యంగా ఆ రోజు నేను తిన్నవాటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట భోజనం దగ్గర ఎవరికీ అద్దం పట్టను. పెరుగు కాగానే లేచి చెయ్యి కడుక్కుంటాను.

మామగారు నమ్మినట్టు లేదు. మేం బయల్దేరామని ఫోను చేస్తే చాలు, మేం చేరేలోగానే భోంచేసి కూర్చుంటున్నారు.