కడెం దారిలో నేను తినని భోజనం

కడెం వైపు పోయేవాళ్ళు ఇప్పటికీ ముందు నాకే ఫోన్ చేస్తారు. వానలు పడి ప్రాజెక్టు గేట్లు ఎత్తారన్న కబురు వచ్చిందంటే చాలు, కరీంనగర్‌లో నాకు తెలిసినవాళ్ళలో సగం మంది కార్లు బయటికి తీస్తారు. గుట్టలు పచ్చబడ్డాయా, నీళ్ళు ఎంతవరకు వచ్చాయి అని అడిగేవాళ్ళు తక్కువ. "ఎక్కడ తినాలె?" అనే అడుగుతారు. అలా అడిగించుకోవడం నాకు చాలా ఇష్టం. ధర్మపురిలో గోదావరి మెట్లు ఎక్కి వచ్చాక ఏ బండి దగ్గర ఇడ్లీ వేడిగా ఉంటుందో, లక్షెట్టిపేటలో ఎవరి మిర్చిలు నూనె కారవో, జన్నారంలో మక్క గారెలు ఎప్పుడు మొదలవుతాయో గుక్క తిప్పుకోకుండా చెబుతాను. నిజానికి నాకు వండడం రాదు. ఇంట్లో పొయ్యి దగ్గరికి కూడా పోను. ఎవరో చెమటోడ్చి వండినదానికి నేను పేరు తెచ్చుకుంటూ వచ్చాను.

జన్నారం దాటి అడవి దారిలో కొంత దూరం పోయాక, రోడ్డు పక్కనే ఒక ఇల్లుంది. బోర్డు ఉండదు. తలుపు పైన సున్నంతో గీసిన సిలువే ఆనవాలు. ఆ ఇంట్లో భార్యాభర్తలు, భర్త తండ్రి ఉంటారు. భర్త ప్రాజెక్టులో వల వేస్తాడు, భార్య వండుతుంది. హోటల్ కాదది. పొద్దున ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో చెబితే ఆ పూట పడ్డ చేపలు అమ్మకుండా ఆపుతారు. కొర్రమట్ట పులుసు, కట్టెల పొయ్యి మీద కాల్చిన జొన్న రొట్టెలు, పచ్చిపులుసు. చెప్పకుండా పోతే ఇంట్లో ఏముంటే అది. తినే ముందు పెద్దాయన ప్రార్థన చేస్తాడు. వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళందరి తరఫునా ఆయనే కళ్ళు మూసుకుంటాడు. ఇంకో పద్ధతి కూడా ఉంది. వస్తామని చెప్పినవాళ్ళు తినేదాకా ఇంట్లోవాళ్ళు ముద్ద ముట్టరు. ఇది నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే ఆ పని చేశాను.

నిరుడు వానాకాలంలో మా ఆఫీసువాళ్ళం వ్యాను మాట్లాడుకొని కడెం బయలుదేరాం. భోజనాల బాధ్యత సహజంగానే నాది. పొద్దున్నే ఆ ఇంటావిడకు ఫోన్ చేశాను.

"పదిమందిమి వస్తున్నం చెల్లె. పగటి బువ్వకు దిగుతం."

"గింతమందా అన్నా! మా ఆయన వల ఇంక తీయలే. సరే రాండ్రి, చూస్త. కారం తక్కువ తినేటోళ్ళు ఉన్నరా?"

"మా సార్ ఒక్కడే. ఆయనకు నోట్లె కారం తక్కువ గానీ మాటల్ల ఎక్కువ."

అవతల గట్టిగా నవ్వింది.

ఆ ఫోన్ పెట్టేసి వెంటనే ఇంకొకటి చేశాను. ప్రాజెక్టు కట్ట కింద కొత్తగా రిసార్టు తెరిచారని విన్నాను. అక్కడా పదిమందికి చెప్పాను. దిగాక ఏది బాగుంటే అక్కడ తినొచ్చు అనుకున్నాను. ఇది మా ఇంటి అలవాటు. మాకు భూములున్న ఊళ్ళకు పోయినప్పుడు మా బాపు రెండిళ్ళకు కబురు పంపేవాడు. ఒక ఇంట్లో తినేవాడు. రెండో ఇంటివాళ్ళు ఆ అన్నం ఏం చేసుకున్నారో మేం అడగలేదు, చెప్పే ధైర్యం వాళ్ళకు లేదు. దాన్ని మేం దర్జా అనుకున్నాం. నెపం బాపు మీద పెట్టి తప్పించుకోవాలని కాదు. రావడం లేదని చెప్పడానికి ఆయన చేతిలో ఫోన్ లేదు. నా చేతిలో ఉంది.

జన్నారం దాటాక మా సార్, "నీళ్ళు చూసుకుంట తింటే బాగుంటదయ్యా" అన్నాడు. అంతే, నా నిర్ణయం అయిపోయింది. వ్యాను ఆ ఇంటి ముందు నుంచే పోయింది. వాకిట్లో నీళ్ళు చల్లి, చెట్టు కింద చాపలు పరిచి ఉన్నాయి. ఇంటి వెనక నుంచి పొగ లేస్తోంది. ఆమె చేతిలో గిన్నెతో గడపలో నిలబడి రోడ్డు వైపు చూస్తోంది. నేను చెప్పు వెతుక్కుంటున్నట్టు సీటు కిందికి వంగాను.

రిసార్టులో తింటుంటే ఫోన్ మోగింది. కొంచెంసేపటికి మళ్ళీ మోగింది.

"ఎవరే? ఎత్తరాదు?" అన్నాడు పక్కనున్నవాడు.

"లోన్ కావాల్నా అని బ్యాంకోళ్ళు. పానం తీస్తరు" అని ఫోన్ బంద్ చేశాను.

చేప ఎప్పటిదో, నీచు వాసన వేస్తోంది. మా సార్ మాత్రం నీళ్ళ మీది నుంచి వచ్చే గాలికి మురిసిపోయి, "ఏం జాగ పట్టినవయ్యా!" అని నా వీపు తట్టాడు. ఆ మెచ్చుకోలు కోసమే నేను కడుపు నిండా తిన్నాను. తిరుగు ప్రయాణంలో రోడ్డు బాగుంటుందని చెప్పి వ్యానును ఖానాపూర్ మీదుగా తిప్పించాను. ఆ ఇంటి ముందు నుంచి మళ్ళీ పోయే ధైర్యం లేకపోయింది.

వానలు తగ్గాక మా ఆవిడ కడెం చూస్తానంది. ఆ ఇంటి పులుసు గురించి నేనే ఆమెకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నాను, తప్పించుకోలేకపోయాను. ఈసారి ఫోన్ చేయలేదు. ఒక మిఠాయి డబ్బా కొన్నాను. లక్షెట్టిపేట దాటేసరికి ఒక అబద్ధం కూడా తయారైంది.

మేం పోయేసరికి ఆ ఇంటావిడ చాటలో జొన్నలు చెరుగుతోంది. భర్త అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు. పెద్దాయన మంచంలో ఉన్నాడు. కూర్చోమన్నారు, నీళ్ళిచ్చారు. ఎవరూ ఏమీ అడగకముందే నేను మొదలుపెట్టాను.

"గా దినం ఏమైందంటే చెల్లె, జన్నారం దాటంగనే వ్యాను ఖరాబైంది. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. గీ అడవిల సిగ్నల్ ఎక్కడ దొరుకుతది? మెకానిక్ దొరికేసరికి పొద్దు గూకింది. బిస్కెట్లు తిని ఇంటికి పోయినం."

"గిదంత నాకు చెప్పనే లేదు!" అంది మా ఆవిడ.

ఆమె చెరగడం ఆపలేదు. నన్ను చివరిదాకా చెప్పనిచ్చారు. అప్పుడు పెద్దాయన మంచంలో లేచి కూర్చున్నాడు.

"బిడ్డా, గా దినం నా కొడుకు మిమ్ముల దేవులాడుకుంట వచ్చిండు."

నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"ముందుగాల ఫోన్ మోగింది గదా అన్నా, ఎనుక బందైంది" అంది ఆమె, చాటలోకే చూస్తూ. "మలుపు కాడ లారీ తాకిందో, నీలుగాయి అడ్డమొచ్చిందో అని పరేషానైనం. మామ మోకాళ్ళ మీద కూసున్నడు, లేస్తలేడు. ఈయన మోటర్ సైకిల్ తీసుకొని పోయిండు."

భర్త వల మీది నుంచి తలెత్తలేదు. "ప్రతి మలుపు కాడ దిగి చూసిన. కట్ట కింద వ్యాను కనవడ్డది. మీరు తింటుండిరి."

"పిలవకపోయినవా తమ్మీ?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. అప్పుడు కూడా తప్పును అవతలికి జరపాలనే చూశాను.

"తింటున్నోళ్ళను ఎట్ల పిలుస్తరన్నా?" అన్నాడతను.

"ఇంటికొచ్చి ఒక్కటే మాటన్నడు. 'అందరు మంచిగనే ఉన్నరు, ఇగ తిందాం' అని. అప్పటికి దీపాలు పెట్టినం" అంది ఆమె.

మా ఆవిడ నా పక్క నుంచి లేచి పోయి ఆమె పక్కన కూర్చుంది. చాటలోంచి ఒక్కొక్క రాయీ ఏరసాగింది. ఇంటికి చేరేదాకా నా వైపు చూడలేదు. మేం రాని ఆ రోజు వంటకు డబ్బులిస్తానంటే, "తిననిదానికి తీసుకోం" అంది ఆమె. మిఠాయి డబ్బా మాత్రం తీసుకుంది.

మమ్మల్ని తినకుండా పోనివ్వలేదు. రొట్టెలు, పప్పు పెట్టారు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. "దారిల ఉన్నోళ్ళను కాసే తండ్రీ, గా దినం మేం ఎదురుచూసిన బిడ్డలను క్షేమంగ ఉంచినవు, నీకు స్తోత్రం" అన్నాడు. దెప్పిపొడుపు ఉంటే భరించేవాణ్ణి. ఆయన నిజంగానే సంతోషించి చెబుతున్నాడు.

బయలుదేరుతుంటే ఆమె కారు దాకా వచ్చింది. "ఇగ ఫోన్ చేయకన్నా. ఊకె రా. ఉంటే తింటవు, లేకుంటే చాయ్ తాగి పోతవు. నీ ఫోన్ నమ్మి మాత్రం నేను పొయ్యి ముట్టియ్య" అంది. నవ్వుతూనే అంది.

ఈ వానాకాలంలో పోయినప్పుడు వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. కాగజ్‌నగర్ నుంచి ఎవరో వస్తామని చెప్పారట. పులుసు వాసన రోడ్డు దాకా వస్తోంది. నేను అరుగు మీద కూర్చున్నాను.

"ఆకలైతుందా అన్నా? జర ఆగు. చెప్పినోళ్ళు రాలే."

మధ్యాహ్నం దాటింది. ఆమె గడపలోకి వచ్చి, నొసటి మీద చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు చూసి, మళ్ళీ లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. భర్త మోటర్ సైకిల్ తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నాడు. పెద్దాయన గోడ పట్టుకొని మోకాళ్ళ మీదికి దిగాడు. నాకు ఏ ప్రార్థనా రాదు. మలుపు దగ్గర ఏ బండి చప్పుడైనా లేచి నిలబడుతున్నాను. నేను భయపడుతున్నది ఎవరి కోసమో, వాళ్ళ ముఖం కూడా నాకు తెలియదు.

చివరికి ఒక కారు వచ్చి ఆగింది. దిగిన పెద్దమనిషి ఒళ్ళు విరుచుకుంటూ, "లేటైంది చెల్లె, చెప్దామంటే సిగ్నల్ లేదు" అన్నాడు.

ఆమె ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. పెదవి కొంచెం బిగపట్టి నవ్వాపుకుంది.

"అయితదన్నా, అడవి గదా" అని చేతులకు నీళ్ళు పోసింది.

వాళ్ళు తిని లేచాక ఇంట్లోవాళ్ళ పక్కన నాకూ పళ్ళెం పెట్టారు. మా వంతుకు పులుసులో ముక్కలు మిగల్లేదు. రొట్టె తుంచి, గిన్నె అడుగున ఉన్న పులుసులో అద్దుకొని నలుగురం తిన్నాం.