రోల్ నంబరే తాళంచెవి

కాలేజీలో ఆమె పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా వినిపించదు. అందరికీ ల్యాబ్ అక్కే. తనకంటే పదేళ్లు పెద్దవాడైన గేటు కాపలాదారు కూడా అక్కా అనే పిలుస్తాడు. ఇరవై ఆరేళ్ల కిందట టైపిస్టుగా చేరింది. మొదటి కంప్యూటర్లు వచ్చిన రోజు వాటిని ముట్టుకోవడానికి లెక్చరర్లే జంకుతుంటే, తనే పెట్టెలు విప్పి, తీగలు తగిలించి, మీట నొక్కింది. ఆ రోజు నుంచి అవి ఆమె మెడకు చుట్టుకున్నాయి. ఇప్పుడు ఐటీ మొదటి సంవత్సరం ల్యాబులోని అరవై మెషీన్లలో దేనికి ఏ జబ్బుందో చూడకుండా చెప్పగలదు.

ఏటా కొత్త బ్యాచ్ రాగానే మొదటి గంట ఆమెదే. సిలబస్‌లో లేదు, ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది.

"తెర మీద ఎర్ర అక్షరాలు కనబడగానే ఫొటో తీసి సీనియర్‌కి పంపకండి. ముందు చదవండి. ఏ లైన్లో తప్పుందో అది పాపం గొంతు చించుకుని చెబుతోంది, వినేవాళ్లే లేరు. రాసిన ప్రతి ప్రోగ్రామూ రెండు చోట్ల దాచండి. పోయాక నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేనూ కూర్చుని ఏడవాలి తప్ప చేసేదేం లేదు. తెలియకపోతే ఇప్పుడే అడగండి. ఇప్పుడడిగితే కొత్తవాళ్లులే అనుకుంటారు. నాలుగో సంవత్సరంలో అడిగితే ఇన్నాళ్లూ గాడిదలు కాశావా అంటారు."

పిల్లలు నవ్వేవారు. కొందరు రాసుకునేవారు కూడా. కానీ అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. అది మాత్రం ఆమె చెప్పడానికి వీల్లేదు. పాస్‌వర్డ్ మార్చుకోండి అనే మాట.

వీల్లేదని డిపార్ట్‌మెంట్ సర్క్యులర్. ప్రతి విద్యార్థికీ రోల్ నంబరే పాస్‌వర్డ్. సంవత్సరం పూర్తయ్యేదాకా ఎవరూ మార్చకూడదు. మార్చుకుంటే మర్చిపోతారట, మర్చిపోతే లెక్చరర్లకు విసుగట. ఇక రోల్ నంబర్లంటారా, అవి పేర్లతో సహా కారిడార్ గోడకు అంటించి ఉంటాయి. కంప్యూటర్ల భద్రత గురించి నాలుగేళ్లు పాఠం చెప్పే చోట ఉన్న ఏర్పాటు ఇది!

ఈ పద్ధతి మార్చమని ఆమె మూడుసార్లు రాసిచ్చింది. మూడుసార్లూ హెడ్ సార్ ఆకుపచ్చ సిరాతో 'చూశాను' అని రాసి వెనక్కి పంపారు.

"చూశాను అంటే ఏమిటే?" అన్నాడు ఆమె భర్త. ఆయన బజారులో దర్జీ.

"చూశాను, ఇంక నోర్మూసుకో అని."

"నా షాపులో గుండీ ఊడిందని ఎవడైనా వస్తే నేనూ చూశాను అని రాసి పంపిస్తా. బాగుంది పద్ధతి."

ఆ ఏడాది మొదటి సెమిస్టర్ చివర్లో గుండీ కాదు, చొక్కాయే చిరిగింది.

'ఏ' సెక్షన్లో కళ్లజోడు పిల్ల అని ఒకమ్మాయి ఉండేది. ఈ ల్యాబుకొచ్చాకే మొదటిసారి కంప్యూటర్ ముట్టుకుంది. మొదట్లో మౌస్‌ను బల్ల అంచుదాకా లాగి, ఇంకా ముందుకెలా పోవాలని అడిగింది. అలాంటి పిల్ల రోజూ క్లాసుకు గంట ముందే వచ్చి, ఆరు వారాలు కూర్చుని, లైబ్రరీ పుస్తకాలు ఎవరు తీసుకెళ్లారో చూపే ప్రోగ్రాము రాసింది. ఈ ప్రాజెక్టు గట్టెక్కకపోతే సంవత్సరం పోయినట్టే. శనివారం దాన్ని అప్పగించింది. అక్షరం పొల్లుపోకుండా అలాంటిదే, బీ సెక్షన్ కుర్రాడొకడు గురువారమే అప్పగించాడు. వాణ్ణి అందరూ లీడర్ అంటారు. కాలేజీలో ఏ వేదిక మీదైనా మైకు వాడి చేతిలోనే ఉంటుంది.

ముందు ఇచ్చినవాడు రాశాడు, తర్వాత ఇచ్చినది దొంగిలించింది. హెడ్ సార్ తీర్పు టీ చల్లారేలోపు అయిపోయింది. విచారణ కమిటీ మంగళవారం కూర్చుని సంతకాలు పెట్టడమే తరువాయి.

సోమవారం పొద్దున ఆ పిల్ల ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"నేను రాసిందే అక్కా..."

"ఏడుపు తర్వాత. ఎవరికైనా చూపించావా?"

"లేదక్కా."

"పెన్‌డ్రైవ్ ఎవరి చేతికైనా ఇచ్చావా?"

"నాకసలు పెన్‌డ్రైవే లేదు. అంతా నా అకౌంట్లోనే ఉంది."

"నీ అకౌంటా!" అంది అక్క. ఆ మాటతోనే ఒళ్లు మండిపోయింది. "కూర్చో. నీ మీద కాదులే కోపం."

సర్వర్ తెరిచింది. ఎవరు ఏ మెషీన్ నుంచి ఎప్పుడు లోపలికి వెళ్లారో అది రాసి పెడుతుంది. బుధవారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి ఇరవై ఏడో మెషీన్ మీద కళ్లజోడు పిల్ల అకౌంట్ తెరుచుకుంది. ఆరు నిమిషాల్లో మూతపడింది. ఆ సమయానికి 'ఏ' సెక్షన్ మొత్తం పై అంతస్తులో లెక్కల పరీక్ష రాస్తోంది. అదే మెషీన్ మీద దానికి ముందు, దాని తర్వాత తెరుచుకున్న అకౌంట్ ఒక్కటే, లీడర్‌ది. ఇంకా వెతికింది. ఆ పిల్ల ప్రోగ్రాము ఆరు వారాల్లో నలభై ఒక్కసార్లు మారింది. తప్పులు, దిద్దుళ్లు, మళ్లీ తప్పులు. లీడర్‌ది ఒక్కసారే పుట్టింది, మీసాలతో సహా.

పది నిమిషాల పని. ఒక పిల్ల ఏడాది పోగొట్టే ముందు ఈ పది నిమిషాలు ఎవరికీ దొరకలేదు.

కాగితాలు అచ్చు తీసి హెడ్ సార్ ముందు పెట్టింది. ఆయన చదివి, పక్కకు నెట్టారు.

"ఇవి కమిటీకి చూపించకండమ్మా."

"ఎందుకు సార్?"

"వాడు లోపలికెలా వెళ్లాడని అడుగుతారు. పాస్‌వర్డ్ సంగతి పైదాకా పోతుంది. డిపార్ట్‌మెంట్ పరువు..."

"పిల్ల సంవత్సరం పోతుంది సార్."

"వచ్చే ఏడాది రాసుకుంటుంది. మీ పని మెషీన్లు చూసుకోవడం. అది చూసుకోండి, చాలు."

మర్నాడు పొద్దున భోజనం డబ్బా కట్టుకుంటూ భర్తకు చెప్పింది. "ఇవాళ నోరు తెరిస్తే మెమో ఇస్తారు."

"ఇవ్వనీ. తెరవకపోతే ఇంటికొచ్చి నా మీద తెరుస్తావు. ఆ మెమోయే నయం."

కమిటీకి ఆమెను పిలవలేదు. పిలవకుండానే వెళ్లింది. హెడ్ సార్ కళ్లతో బయటికి పొమ్మన్నా, చూడనట్టే కాగితాలు తీసుకెళ్లి లెక్కల మేడమ్ ముందు పెట్టింది. కమిటీలో పెద్దావిడ ఆమే. మేడమ్ చదివారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత ప్రోగ్రాములో ఒక లైను చూపించి లీడర్‌ను అడిగారు.

"ఇక్కడ పద్నాలుగు అని ఎందుకు రాశావు బాబూ?"

మైకు ముందు గంటలు మాట్లాడే కుర్రాడు హెడ్ సార్ వైపు చూశాడు.

"నువ్వు చెప్పమ్మా," అన్నారు మేడమ్, పక్కనే నిలబడ్డ కళ్లజోడు పిల్లతో.

"పుస్తకం పద్నాలుగు రోజుల్లో తిరిగివ్వాలి మేడమ్. మొదట పదిహేను పెట్టాను, ఒక రోజు ఎక్కువ చూపించింది. ఎందుకో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది."

లీడర్ ప్రాజెక్టు రద్దయింది. పిల్ల ప్రాజెక్టు నిలిచింది. కథ అక్కడ ముగిసుంటే అక్క మామూలుగా ఇంటికెళ్లి నిద్రపోయేది. సాయంత్రానికి ఒక కాగితం వచ్చింది. 'పాస్‌వర్డ్ విషయంలో అజాగ్రత్తగా ఉన్నందున' కళ్లజోడు పిల్లకు హెచ్చరిక. నాలుగేళ్లూ ఆమె ఫైల్లో ఉండే కాగితం. దాని మీద పిల్ల సంతకం తీసుకోవాల్సింది ల్యాబ్ అక్క.

మార్చుకుంటే నేరం. మార్చుకోకపోతే అజాగ్రత్త. ఇంటికి నిప్పుపెట్టినవాడే నీళ్లబిందె నిండుగా లేదని తిట్టినట్టు!

ఆ కాగితం పట్టుకుని నేరుగా హెడ్ సార్ గదికి వెళ్లింది.

"సంతకం తీసుకోను సార్."

"అది మీ డ్యూటీ."

"మార్చుకోవద్దని మీరిచ్చిన సర్క్యులర్ దీనికి జత చేయండి. రెండూ కలిపి మేడమ్‌కి చూపించి, అప్పుడు తీసుకుంటాను."

"బెదిరిస్తున్నారా?"

"చూశాను అని రాసినవి మూడు కాగితాలు నా దగ్గరున్నాయి సార్. అవి కూడా జత చేద్దామా?"

ఆయన చెయ్యి చాపి హెచ్చరిక కాగితం తీసుకున్నారు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. దాని ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆమెకు మాత్రం పిలవని సమావేశానికి వెళ్లినందుకు మెమో వచ్చింది. చదివి, సంతకం పెట్టి, ఒక నకలు ఉంచుకుంది.

తర్వాతి సోమవారం పాత సర్క్యులర్ రద్దయింది. రెండు వరుసలు, కారణం లేదు, క్షమాపణ అసలే లేదు. ఆ రోజు 'ఏ' సెక్షన్ ల్యాబుకు రాగానే అక్క ప్రోగ్రాములు పక్కన పెట్టించింది.

"అందరూ పాస్‌వర్డ్ మార్చండి. పుట్టినరోజులు, ఫోన్ నంబర్లు వద్దు. ప్రాణస్నేహితులకు కూడా చెప్పొద్దు. సెలవుల తర్వాత ఎవరు ప్రాణం, ఎవరు కాదో మీకే తెలీదు. లేచి వెళ్లేటప్పుడు అకౌంట్ మూసి వెళ్లండి."

వెనక వరుసలో ఎవరో అడిగారు. "అక్కా, మర్చిపోతామేమో, నాది మీకు చెప్పి ఉంచనా?"

"చెప్పావంటే చెవి మెలిపెడతా."

కీబోర్డులు టకటకలాడటం మొదలవగానే ఆమె పిల్లలకు వీపు తిప్పి, చేతులు కట్టుకుని, గోడకేసి నిలబడింది. చివరి కీబోర్డు ఆగేదాకా తిరగలేదు.