రెండు సగాల పాస్‌వర్డ్

మా వీధిలో ఆమెను అందరూ కంప్యూటరమ్మ అంటారు. ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్సులో విజిటింగ్ కార్డులు, కరపత్రాలు కూర్చేది. ప్రెస్సు మూతపడ్డాక వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకుని, సోఫాల దుకాణం మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుంది. కింద రంపపుపొట్టు ఎగిరితే పైన కీబోర్డు మీద వాలేది. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, పాత పెయింటు బ్రష్షుతో మీటల సందులన్నీ దులిపి పని మొదలుపెట్టేది. కింద చెక్కకు పాలిష్ పట్టే మనిషి మెట్ల మలుపులోంచి పైకి చూసి, ఆమె ఫోన్లో మాట్లాడుతూ కనిపిస్తే మిషను ఆపేసేవాడు. ఆపమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇలాంటివాళ్లను చూసే దేవుడు మనల్నందరినీ ఇంకా భరిస్తున్నాడేమో అనిపిస్తుంది.

వీధిన పోయేవాళ్లు ఆమె బోర్డు చూసి మెట్లెక్కేవారు. డ్రైవింగ్ స్కూలు, పళ్ల డాక్టరు, కర్టెన్ల షాపు, ఇంకా కొందరు. ఆ గదీ, వాళ్ల నమ్మకమూ పోతే ఆమెకు వ్యాపారం లేనట్టే. సైటుకు వెబ్ అడ్రస్ కొనాల్సి వచ్చినప్పుడల్లా వాళ్లది ఒకటే మాట: "అవన్నీ మాకెందుకమ్మా, నువ్వే చూసుకో." ఆమె చూసుకుంది. అందరి అడ్రస్సులూ తన పేరు మీదే కొని, పాస్‌వర్డులన్నీ తన దగ్గరే ఉంచుకుంది. అందులో తప్పుందని వాళ్లకూ తోచలేదు, ఆమెకూ తోచలేదు, కింద సోఫాల అన్నదమ్ములు విడిపోయేదాకా.

అది మామూలుగా విడిపోవడం కాదు. దుకాణం నడిమధ్య ప్లైవుడ్ గోడ లేచింది. కుట్టుమిషన్లు చెరిసగం, స్పాంజి షీట్లు చెరిసగం. పాలిష్ మనిషిని కూడా పంచుకున్నారు. పొద్దున అన్న తిట్లు తినాలి, మధ్యాహ్నం నుంచి తమ్ముడి తిట్లు. పంచడానికి వీల్లేనిది కంప్యూటరమ్మ కొనిపెట్టిన వెబ్ అడ్రస్ ఒక్కటే. సోఫా కావలసినవాళ్లంతా దాని ద్వారానే ఆర్డరిచ్చేవారు.

మేడ అన్న వాటాకు వచ్చింది. అందుకని ముందు ఆయనే మెట్లెక్కి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చూడమ్మా, షాపు పెట్టింది నేను. వాడు అప్పటికింకా నిక్కర్లేసుకుని తిరుగుతున్నాడు. అడ్రస్ నా పేరుకు మార్చెయ్."

"ఇద్దరూ కలిసి చేయించుకున్నారు కదా అన్నయ్యగారూ. తమ్ముడుగారు కూడా సరేనంటే ఇప్పుడే మారుస్తాను."

"వాణ్ని అడిగేదేంటి? ఈ గది ఎవరిదో గుర్తుందా?"

"గుర్తుంది."

"గుర్తుంటే మంచిదే."

ఆయన దిగాడో లేదో తమ్ముడు ఎక్కాడు.

"మా అన్న ఏం వాగాడక్కా?"

"మీరు అడగబోయేదే అడిగారు."

"సైటులో ఫోటోలన్నీ తీసింది నేను. సోఫా మీద పడుకుని నవ్వే పాప నా కూతురు. ఆ స్థానంలో ఆయన మొహం పెట్టుంటే స్టూలు కూడా అమ్ముడయ్యేది కాదు."

ఆమె అదే జవాబు చెప్పింది. "అయితే ఆయన పక్కన చేరావన్నమాట," అని అతను విసవిసా దిగిపోయాడు.

ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆమె ఒక ఏర్పాటు చేసింది. సైటులో ఎవరు వివరాలడిగినా ఆ సందేశం అన్నదమ్ములిద్దరి ఫోన్లకూ ఒకేసారి వెళ్లేలా పెట్టింది. మంచి మనసుతో చేసిన పనే. మర్నాడు సోఫా అడిగిన ఒక పెద్దాయనకు ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఫోన్ చేశారు. అన్న చెప్పిన ధరను తమ్ముడు తగ్గించాడు. తమ్ముడు సోఫాల్లో స్పాంజికి బదులు పాత గోనెలు కుక్కుతాడని అన్న చెప్పాడు. పెద్దాయన హడలిపోయి ప్లాస్టిక్ కుర్చీలు కొనుక్కున్నాడు.

అప్పటినుంచి ఇద్దరి కసీ ఆమె మీదికి మళ్లింది. అన్న కింద మెయిన్ స్విచ్చి దగ్గర మేడ మీది కరెంటు తీసేసేవాడు. సగం చేసిన పేజీ గాల్లో కలిసిపోయేది. ఆయన అటు తిరగ్గానే పాలిష్ మనిషి వెళ్లి మళ్లీ వేసి, ఏమీ ఎరగనట్టు చెక్క తుడుచుకునేవాడు. తమ్ముడు టీకొట్టు దగ్గర చేరి, "మీ అందరి అడ్రస్సులూ ఆవిడ పేరు మీదే ఉన్నాయి. ఇవాళ మాది నొక్కేసింది, రేపు మీవి," అని ఊదరగొట్టాడు.

మొదట పరిగెత్తుకొచ్చింది డ్రైవింగ్ స్కూలు యజమానురాలు.

"నా అడ్రస్ కూడా నీ పేరు మీదేనా?"

"అవునండీ. మీరే చూసుకోమన్నారు."

"చూసుకోమన్నాను. రాయించుకోమన్నానా?"

అప్పుడే క్యారేజీ తెచ్చిన కంప్యూటరమ్మ అత్తగారు మెట్లెక్కిన ఆయాసంలోనూ ఊరుకోలేదు. "కారు నేర్పేదానివి, కాస్త బ్రేకేసుకుని మాట్లాడమ్మా."

"మీరాగండి అత్తయ్యా. ఆవిడ అడిగినదాంట్లో న్యాయముంది," అంది కంప్యూటరమ్మ. ఆ యజమానురాలిని తన కుర్చీలో కూర్చోబెట్టి, అడ్రస్ ఆమె పేరుకు మార్చి, కొత్త పాస్‌వర్డు ఆమె చేతే కొట్టించింది. పని అయ్యాక, "ఇక నీతో అవసరం లేదు," అని ఆవిడ వెళ్లిపోయింది.

కంప్యూటరమ్మ ఆ పూట భోజనం ముట్టుకోలేదు. సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. అందరివీ వాళ్లకిచ్చేసి వస్తానంది.

"చేతిలో ఉన్నవన్నీ పంచేస్తే రేపు నీ గడప తొక్కేదెవరే?" అంది అత్తగారు.

"పాస్‌వర్డు నా దగ్గర ఇరుక్కుందని వచ్చేవాళ్లు నాకెందుకు అత్తయ్యా?"

దుకాణం దుకాణం తిరిగింది. పళ్ల డాక్టరు వచ్చినవాళ్లందరినీ పంపించేదాకా ఆమెను నిలబెట్టి, "ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందా?" అన్నాడు. ఒకరిద్దరు అక్కడికక్కడే పని వేరేవాళ్లకు అప్పగించారు. కర్టెన్ల షాపామె కూడా తిట్టింది గానీ, తిడుతూనే ఫ్యాను ఆమెవైపు తిప్పి, మంచినీళ్లు చేతికిచ్చింది.

చివరికి అన్నదమ్ములది మిగిలింది. ఇద్దరినీ ఒకేసారి మేడ మీదికి రమ్మంది.

"మీ అడ్రస్ గడువు అయిపోవస్తోంది. నా పేరు మీద ఇక పొడిగించను. గడువు దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. మలుపులో ఉన్న ఫర్నిచర్ షాపువాళ్లయినా సరే."

ఆ షాపు మాట వినగానే ఇద్దరి మొహాలూ ఒకేలా మాడాయి.

"ఏం చేద్దామంటావు?" అన్నాడు అన్న.

"ఇద్దరి పేర్లతో ఒక ఖాతా తెరుస్తాను. పాస్‌వర్డులో ముందు సగం మీరు కొట్టండి, వెనక సగం తమ్ముడుగారు కొడతారు. ఒకరిది ఒకరికి తెలియదు. తెరవాలంటే ఇద్దరూ రావాలి. వివరాలడిగేవాళ్లను ఒకరిని మీకు, తర్వాతివాళ్లను ఆయనకు పంపేలా పెడతాను. పాస్‌వర్డు మర్చిపోతే మాత్రం కొత్తది మీ అక్కగారి ఫోనుకు వెళ్తుంది."

"అక్కకా?" అన్నారిద్దరూ. పక్క ఊళ్లో ఉండే ఆ అక్కే ఇద్దరినీ పెంచింది. విడిపోయినప్పటినుంచి ఆమె నోటికి జడిసి ఇద్దరూ ఫోన్ ఎత్తడం మానేశారు.

అన్న కీబోర్డు మీదికి వంగి, భుజం అడ్డుపెట్టుకున్నాడు. "ఇంకా అటు తిరగరా."

"తిరిగే ఉన్నాను. నా వీపుకేమన్నా కళ్లున్నాయా?"

గోడ లేచాక వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి మాటలవే.

తమ్ముడి వంతు వచ్చింది. టకటకా కొడుతూనే ఉన్నాడు.

"ఏంట్రా అంత పొడుగు?"

"లెక్కపెడుతున్నావా నువ్వు?"

"మీటల చప్పుడు వినబడదా?"

"అయితే చెవులు కూడా మూసుకో."

ఖాతా తెరుచుకుంది. మంచి మాట ఒక్కటీ ఎవరి నోటా రాలేదు. అన్న గుమ్మం దగ్గర ఆగి, "నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమ్మా," అని దిగిపోయాడు.

తమ్ముడు ఆగాడు. "నా వైపు వెనక గది ఉందక్కా. ఊరికే ఇస్తాను. రోజూ నిన్ను చూసి ఆయన కుళ్లి చావాలి."

"అందుకైతే వద్దు తమ్ముడూ."

గది ఖాళీ చేసిన రోజు పాలిష్ మనిషి కంప్యూటర్ని స్పాంజి షీటులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆమె ఇంటిదాకా మోసుకొచ్చాడు. ఆ స్పాంజి ఏ అన్నదమ్ముడి వాటాలోదో ఆమె అడగలేదు.

ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుంది. భర్త దూరపు బస్సుల డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. అత్తగారు గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసేది. వచ్చేవాళ్లే లేరు. కంప్యూటరమ్మ పొద్దున్నే దణ్ణం పెట్టుకుని, పని ఉన్నా లేకపోయినా బల్ల ముందు కూర్చునేది.

ఒకరోజు డ్రైవింగ్ స్కూలు కారు కుదుపులతో వచ్చి గుమ్మం ముందు ఆగింది. నేర్చుకునే కుర్రదాన్ని స్టీరింగు దగ్గరే వదిలేసి యజమానురాలు దిగింది.

"ఎవరు కావాలి?" అంది అత్తగారు, తెలియనట్టు.

"కంప్యూటరమ్మ."

"నీది నీకిచ్చేసింది కదా. ఇంకేం మిగిలింది?"

"ఇచ్చింది. ఫీజుల పేజీ మారుద్దామని మా మరిదిని కూర్చోబెట్టాను. ఇప్పుడు సైటు తెరిస్తే నా ఫోటో తలకిందులుగా కనబడుతోంది."

అత్తగారు లోపలికి తిరిగి, "అమ్మాయ్, తలకిందులావిడ వచ్చింది," అని కేకేసింది. తన పక్కనున్న చెంబు తీసి నీళ్లు కూడా ఇచ్చింది.

కంప్యూటరమ్మ కుర్చీ జరిపి, సైటు తెరిచింది.

"నా పాస్‌వర్డు చెప్తాను, రాసుకో. దీని కోసం ప్రతిసారీ రాలేను," అంది యజమానురాలు.

"వద్దండీ. మీరే కొట్టండి," అని కంప్యూటరమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.