వరండాలో చదివిన నిబంధనలు

పులివెందుల పక్కన మాకున్న చిన్న తోటలో బోరు ఎండిపోయింది. కొత్తది వేసుకోవడానికి అనుమతి కావాలని మొన్న ప్రొద్దుటూరులోని మా పాత ఆఫీసుకే వెళ్లాను. రిటైరైన ఉద్యోగికి అక్కడ దొరికే మర్యాద ఏమిటంటే, బెంచీ మీద కూర్చోమని కాస్త మెల్లగా చెబుతారు. కూర్చున్నాను. కాసేపటికి ఒక కొత్త అమ్మాయి కాగితాల కట్టతో వరండాలోకి వచ్చి, "అందరూ రోంత ఇనండి. ఆఫీసు నిబంధనలు సదువుతా, అర్థం కాకపోతే అడగండి" అంది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ పద్ధతి నేను పనిచేసిన రోజుల్లోని మా సూపరింటెండెంటమ్మతోనే పోయి ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మా శాఖకు వింత కష్టం వచ్చిపడింది. పాత నిబంధనల పుస్తకం ఎక్కడ తెరిచినా హైదరాబాదులోని ఫలానా ఆఫీసుకు రాయమనేది. ఆ ఆఫీసులు మనవి కాకుండా పోయాయి, రాస్తే జవాబు రాదు. పని పద్ధతులు ఎవరికి వాళ్లు కొత్తగా రాసుకోండని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పటి మా ఆఫీసరు డెల్టా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మంచివాడే కానీ ఆడిట్ అంటే ఆయనకు గుండెదడ. తను అంతకుముందు పనిచేసిన ఆఫీసు పుస్తకం తెప్పించి, జిల్లా పేరు మార్పించి, ప్రస్తుతానికి దీంతో నడపండన్నారు. అందులో, బోరు వేయాలంటే దగ్గరి కాలువ ఇంజనీరు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలని ఒక వాక్యం ఉంది. ఎటు తిరిగినా కాలువే కనిపించే చోట అది సబబే. మెట్టపొలాల మనిషి ఆ పత్రం ఎక్కడ తెస్తాడని ఇక్కడ ఎవరికీ తోచలేదు. టైపైన వాక్యం కదా, కౌంటరులో అడగడం మొదలైంది.

సింహాద్రిపురం వైపు నుంచి ఒక రైతు ఆ పత్రం కోసమే తిరిగేవాడు. చీనీ తోట, అంటే బత్తాయి తోట, తొలి కాపుకు వచ్చిన ఏడే ఆయన బోరు ఎండిపోయింది. ట్యాంకర్లతో చెట్లకు గొంతు తడుపుతున్నాడు. జమ్మలమడుగులో కాలువల ఆఫీసు ఉందని ఎవరో చెబితే అక్కడికి పోయాడు. మీ ఊరు మా హద్దులోనే లేదు, అభ్యంతరం లేదని మేమెలా రాస్తామన్నారట. అదీ న్యాయమే. అందరూ న్యాయంగానే మాట్లాడుతున్నారు, చెట్లు మాత్రం వాడిపోతున్నాయి. మా అటెండరు టీ తెప్పిస్తే, ఆఫీసు మనిషిని లెక్కపెట్టినట్టే ఆయననూ లెక్కపెట్టేవాడు.

సూపరింటెండెంటమ్మది జమ్మలమడుగు. మిషను బడిలో తరతరాలుగా పంతుళ్లుగా పనిచేసిన ఇల్లు. రాత్రి ప్రార్థనలో ఒకరు వాక్యం చదివితే, వాళ్ల నాయనమ్మకు తెలిసేదాకా మళ్లీ చదివి చెప్పాల్సిందేనట. ఆ అలవాటునే ఆమె ఆఫీసుకు తెచ్చింది. బయటివాళ్లకు చదివి వినిపించకుండా ఏ చిత్తుప్రతి మీదా సంతకం పెట్టేది కాదు. మాకది చాదస్తంగా కనిపించేది, ముఖ్యంగా నాకు. ఎందుకంటే గొంతు పెద్దదని చదివే పని నాకే అప్పగించేది.

డెల్టా నుంచి తెప్పించిన ఆ పుస్తకం మీద ఆమె సంతకం పెట్టే ముందు, ఒకరోజు వరండాలో దాన్ని చదువుతున్నాను. "పై ఉపనిబంధనకు లోబడి" అనగానే అటెండరు, "ఏంది మామా అది, ఎవరికి లోబడల్ల?" అన్నాడు. సూపరింటెండెంటమ్మ ఆ మాట కొట్టేసి తేలిక మాటల్లో రాయించింది. తర్వాత కాలువ వాక్యం వచ్చింది. బెంచీ చివర నుంచి రైతు లేచి నిలబడ్డాడు.

"ఈ కాయితం కోసమే గదమ్మా నేను తిరుగుతాండేది. మా ఊరికి కాలువే లేదు. లేని కాలువకు అడ్డం లేదని యాడ రాయించుకోని రావల్ల?"

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు, ఆమె కూడా నవ్వలేదు. పుస్తకం తీసుకుని నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్లింది. రైతూ నేనూ గుమ్మం దగ్గర నిలబడ్డాం.

"ఉన్న వాక్యం మనమే తీసేస్తే రేపు ఆడిట్‌వాళ్లు అడగరాండీ?" అన్నారు ఆఫీసరు.

"అడిగితే నా పేరు చెప్పండి సార్. ఈయప్ప చెట్లు ఎండిపోతే మనల్ని అడిగేటోళ్లే లేరు. నాకు దానికే శానా భయం."

ఆఫీసరు రైతు వైపు చూసి, చెట్లు ఎంతకాలం ఆగుతాయని అడిగారు. "వానొస్తే ఆగుతాయి సార్" అన్నాడు ఆయన. ఆఫీసరు కలం మూత తీసి, కాలువ ఉన్న ఊళ్లకు మాత్రమే అని రాసి సంతకం పెట్టారు. సాయంత్రం బస్సుకు రైతు అనుమతి కాగితంతోనే వెళ్లాడు. బోరులో నీళ్లు పడ్డాయని ఆయన ఫోన్ చేసిన రోజు ఆఫీసరు అందరికీ మిఠాయి తెప్పించారు. ఆయన మొహంలో ఆ తేట నేను ఏ ఆడిట్ ముగిసిన రోజూ చూడలేదు. రైతు తర్వాత ఒక సంచి చీనీకాయలు మోసుకొచ్చాడు. కానుకలు తీసుకోకూడదన్న నిబంధన ఆయనకే చదివి వినిపించి, సూపరింటెండెంటమ్మ ఆ కాయలను బెంచీ మీద ఉన్నవాళ్లకు పంచింది. పుస్తకం మొదటి పేజీలో ఒక పద్ధతి చేర్చింది: దీన్ని ఏటా వరండాలో చదవాలి, ఎందుకుందో చెప్పలేని వాక్యాన్ని తీసేయమని ఆఫీసరుకు రాయాలి.

మొన్న ఆ అమ్మాయి కాలువ వాక్యం దాకా వచ్చి, కాలువ ఉన్న ఊళ్లకు మాత్రమే అని చదివి, నా వైపు చూసి, "అర్థమాయనా పెద్దాయనా?" అంది. అర్థమైందమ్మా అన్నాను. మాదీ కాలువ లేని ఊరే. చదివే మనిషిని వినే బెంచీ మీదికి చేర్చడానికి కాలానికి ఎంతోసేపు పట్టదు. నేను ఆ బెంచీ చేరకముందే ఆ వాక్యం మారి ఉండడం నా అదృష్టం.