ముప్పై ఏడు రీడ్లు

మా ఇంజినీరింగ్ కళాశాల హోసూరుకూ సూళగిరికీ నడుమ, హైవేను ఆనుకొని ఉండేది. తొంభైల చివర నేను అక్కడ మెకానికల్ చదివేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం లేత్ యంత్రాలు ఆగిన తర్వాత వర్క్‌షాప్‌లోనే ఒక మూల చాపలు పరిచి భజన చేసేవాళ్లం. దాన్ని నడిపింది మాకు లేత్ పని నేర్పే ఇన్‌స్ట్రక్టర్. అందరం మాస్టర్ అనేవాళ్లం. మత్తిగిరి నుంచి మోపెడ్ మీద వచ్చేవాడు. ఆయన హార్మోనియం మాత్రం వర్క్‌షాప్ బీరువాలో, వెర్నియర్ కాలిపర్ల పక్కన ఉండేది.

తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే పదిహేను మందిమి. పాట ఏ భాషదైనా శ్రుతి మారేది కాదు. ఎవరైనా వేరే శ్రుతి అడిగితే మాస్టర్, "ఈ పెట్టెకు ఒకటే ఇల్లప్పా, ఊరూరా తిప్పొద్దు" అనేవాడు.

చేరిన కొత్తలో నాకు గొంతు ఉండేది, నిలకడ లేదు. ఆయన ఒక్క మెట్టు నొక్కి పట్టుకొని, దాని మీద నన్ను నెల రోజులు నిలబెట్టాడు. గొంతు జారగానే, "యాడికి పోతావప్పా? ఈడనే ఉండు" అనేవాడు. రెండు ధ్వనులు కలవకపోతే వాటి మధ్య ఒక అల కొట్టుకుంటుందనీ, కలిసిన క్షణాన ఆ అల ఆగిపోతుందనీ పాఠ్యపుస్తకం కన్నా ముందు ఆ పెట్టె దగ్గర తెలుసుకున్నాను. వాయించేటప్పుడు ఆయన వంగి, గడ్డాన్ని పెట్టె పైచెక్కకు ఆనించి కళ్లు మూసుకొనేవాడు. అది భక్తి అనుకున్నాను.

మూడో ఏడాదిలో కళాశాల ఒప్పందం మీద ఆరు నెలలు జర్మనీలో చదివాను. అక్కడి విశ్వవిద్యాలయపు బృందగానంలో చేరడానికి వెళితే, పియానో మీద ఒక స్వరం మోగించి ఆపేసి, దాన్ని పట్టుకొని ఉండమన్నారు. ఊపిరి అయిపోయేదాకా ఉన్నాను. మళ్లీ మోగించి చూశారు. నా స్వరం కదలలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగారు. లేత్ మాస్టర్ దగ్గర అన్నాను. వాళ్లు నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వును ఇప్పటికీ సమర్థించుకోలేను.

అక్కడి ధ్వనిశాస్త్ర ప్రయోగశాలలో నేర్చుకున్నది ఇది: ఒక స్థాయిని, అంటే సా నుంచి పై సా దాకా, పన్నెండు సమాన భాగాలు చేస్తారు, ఒక్కో భాగాన్ని నూరు సెంట్లు చేస్తారు. ఏ స్వరం ఎన్ని సెంట్లు తప్పిందో చూపే చిన్న మీటరును కొనుక్కొని తిరిగి వచ్చాను.

అప్పుడు సెలవులు. మాస్టర్ కూతురి కాన్పుకని కృష్ణగిరి వెళ్లి ఉన్నాడు. నేను పెట్టె బయటికి తీసి మీటరు ముందు పెట్టాను. ముప్పై ఏడు రీడ్లలో ఒక్కటీ సున్నా మీద లేదు. గాంధారాలు బాగా దిగి ఉన్నాయి. మా భజనలో డోలక్ వాయించే, తళి ఊరి మిత్రుడు పక్కనే కూర్చొని చూశాడు.

"మాస్టర్‌ను అడిగినావా?"

"అడిగితే ఇంక ఆశ్చర్యం ఏముంటుంది? వచ్చేసరికి పెట్టె కొత్తదై ఉండాల."

"పెట్టె బాగలేదని ఎవరన్నా అన్నారా?"

"మీటరు చెప్తా ఉంది కదరా."

"మీటరు ఎన్ని శనివారాలు వచ్చింది మన భజనకు?"

విమానం ఎక్కని వాడి మాట అనుకున్నాను.

రీడ్ అంటే ఒక కొస బిగించిన సన్నని ఇత్తడి రేకు. వదులుగా ఉన్న కొసను అరగదీస్తే స్వరం పెరుగుతుంది, బిగించిన మొదట్లో అరగదీస్తే తగ్గుతుంది. సన్నపు ఆకురాయితో మూడు రోజులు కూర్చొని అన్నింటినీ సున్నాకు తెచ్చాను. నోట్‌బుక్‌లో పట్టిక గీసి, అరగదీసిన తర్వాతి కొలతలు మాత్రమే రాశాను. ముందున్నవి తప్పులు. తప్పులను ఎందుకు రాసుకోవాలి?

మాస్టర్ వచ్చాడు. మనవడు పుట్టాడని మైసూర్‌పాకు పంచాడు. పెట్టె తెరిచి, షడ్జం నొక్కి, దాని మీద గాంధారం చేర్చి, గడ్డం ఆనించాడు. గాంధారాన్ని వదిలి మళ్లీ నొక్కి చూశాడు.

"గాంధారం యాడికి పోయిందప్పా?"

సమాన విభజన గురించి వివరించాను. సెంట్లు చెప్పాను. ఆయన అడ్డుపడకుండా విన్నాడు.

"లెక్క సరిగ్గానే ఉంటుందిలే. గడియారం మాదిరి చేసినావు. పదకొండేండ్లు మన గొంతులు చూసుకుంటా దీన్ని దిద్దినాను."

"మళ్లీ దిద్దుదాం మాస్టర్. కొసకు టంకం పెడితే స్వరం దిగుతుంది. మీరు చెప్పండి, నేను చేస్తాను."

తరువాతి శనివారం కూర్చున్నాం. కింది స్థాయిలో ఆయన కచ్చితంగా చెప్పాడు: ఇంకా దించు, కొంచెం ఎత్తు, చాలు. మధ్య స్థాయి దాటాక ప్రతిదానికీ "సరిపోయింది" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. ఒక రీడ్‌కు కావాలనే ఎక్కువ టంకం వేసి వాయించాను. పసివాడికైనా వినిపించేంత అపశ్రుతి. ఆయన గడ్డం ఆనించే ఉన్నాడు.

"సరిపోయిందప్పా."

డోలక్ మిత్రుడు నేల వైపు చూశాడు. రేకుల మీద సుత్తి దెబ్బలు, లేత్ రొద, ఇన్నేళ్లు. ఆయన చెవులతో కాదు, గడ్డపు ఎముకతో వింటున్నాడు. అది కూడా కింది స్థాయి వరకే. పై రీడ్లను వినగలిగిన రోజుల్లో దిద్దుకున్నాడు. ఆ తరువాత వాటిని నమ్ముకొని వాయించాడు. మా ఎవరికీ చెప్పలేదు.

పై రీడ్లను కూడా అల ఆగేలా నేను సరిచేయగలను. చేశాను కూడా. ఆ పెట్టె శాస్త్రం ప్రకారం శుద్ధంగా మోగింది. కానీ ఆయన శాస్త్రానికి దిద్దలేదు, మా గొంతులకు దిద్దాడు. ఏ రీడ్‌ను సున్నాకు ఎంత దూరంలో ఉంచాడో ఆ మూడు రోజులు నా మీటరు నాకు చూపించింది, నేనే రాసుకోలేదు.

హార్మోనియం మా గొంతులకు అతకక, ఆ తరువాత భజనకు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వచ్చింది. మాస్టర్ వెనక వరుసలో కూర్చొని తాళం వేసేవాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బదులు చెప్పుకొనేవాణ్ణి.

ఇప్పుడు హోసూరులో ఒక ఫ్యాక్టరీ కొలత పరికరాల విభాగంలో పని చేస్తున్నాను. సరిచేసే ముందు పరికరం ఎంత చూపిందో రాయడానికి మా పత్రాల్లో ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే సంతకం పెట్టను. కొత్తగా చేరినవాళ్లు నన్ను చాదస్తుడు అంటారని తెలుసు.

ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గర ఉంది. ముప్పై ఏడు వరుసలు. ప్రతి వరుసలోనూ, చక్కని చేతిరాతతో, సున్నా.