పద్దెనిమిది మెట్లు, ఒక్కటీ మాది కాదు

ఇల్లు కొనేటప్పుడు జనం రకరకాలుగా మోసపోతారు. ఒకడికి చెరువులో స్థలం అంటగడతారు. ఇంకొకడికి అప్పటికే ఇద్దరికి అమ్మిన ఇల్లు మూడోసారి అమ్ముతారు. నన్ను మాత్రం ఎవరూ మోసం చెయ్యలేదండీ. ఉన్న నిజమంతా కాగితం మీద రాసి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని గట్టిగా చదివి, కామాల దగ్గర ఆగి మరీ చదివి, సంతకం పెట్టి, నా కొంప నేనే ముంచుకున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నేను లెక్కల మాస్టారిని. మా ఆవిడ రమణి నా మేనమామ కూతురు. రాజాంలో తొమ్మిదేళ్ళు అద్దె వాటాల్లో ఉన్నాం. నాలుగిళ్ళు మారాం, నాలుగింటికీ డాబాకి తాళమే. ఒక వేసవిలో రమణి గుమ్మడి వడియాలకి పిండి రుబ్బుకుని తాళంచెవి అడిగితే, ఇంటిగలావిడ "డాబా మరకలైపోతాది" అంది. రమణి ఆ వడియాల్ని కిటికీ గట్టు మీద, చోటు చాలక నా స్కూటరు సీటు మీద ఎండబెట్టుకుంది. ఒక్కమాట తిట్టినా బాగుండేది.

"ఇల్లంటూ కొంటే నీ డాబా కోసమే కొంటాను. ఎవుల్నీ అడక్కుండా ఎక్కుదువు గాని," అని మాటిచ్చాను.

అలా దొరికిందే ఈ ఇల్లు. తండ్రి కట్టిన డాబా ఇంటిని అన్నదమ్ములు నిట్టనిలువునా చెరి సగం పంచుకున్నారు. తమ్ముడు విశాఖపట్నంలో స్థిరపడి తన సగం అమ్మకానికి పెట్టాడు. నేను ఊరుకుంటానా! టేపు పట్టుకుని గదులు మూడుసార్లు కొలిచాను. గోడలు తట్టి చూశాను. బావిలో నీళ్ళు తాగి చూశాను. మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి గాలి ఎటునుంచి వస్తుందో కూడా చూశాను. ఎక్కుతూ మెట్లు లెక్కపెట్టాను, పద్దెనిమిది. ఎవరివని మాత్రం అడగలేదు. పక్కవాటాలో మంచం మీద కూర్చుని నా వంకే గుర్రుగా చూస్తున్న పెద్దాయన్ని పలకరించనూ లేదు.

రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజులో హద్దులు రాసిన చోటు నేనే పైకి చదివాను. "దక్షిణం, అమ్మకందారు అన్నగారు సింహాచలం గారి మెట్లు."

"అర్తమైనాదా మేస్టారూ?" అన్నాడు దస్తావేజు రాసినాయన.

"ఎందుకవదయ్యా, పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ణి," అన్నాను. అంతటి తెలివైనవాణ్ణి.

పది రోజుల తర్వాత సామాను దింపుకున్నాం. దింపీ దింపగానే రమణి వడియాల పిండి గిన్నె చంకనెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"బావా, మెట్లేవీ?"

"అదిగో..." అని చెయ్యి చూపించాను. నా చెయ్యి చూపించిన చోట కొత్త గోడ ఉంది. ఇంకా సిమెంటు తడి ఆరలేదు. మెట్లు ఆ గోడకి అవతల ఉన్నాయి.

రమణి గోడని చూసింది, నన్ను చూసింది. "టేపెట్టి కొలిసినావు కదేటి?" అంది. ఆ కళ్ళలో నీళ్ళు చూసి, లెక్కలు చెప్పే ఉద్యోగానికి ఆ క్షణమే రాజీనామా ఇవ్వాలనిపించింది.

నేను ఓడిపోయే రకం కాదు. ఒక వెదురు నిచ్చెన అరువు తెచ్చి మా ఇంటి గోడకి ఆనించాను. రమణి చీర బిగించి, గిన్నెతో సహా పైకెక్కింది. డాబా మీద నిలబడి చేతులు చాపి, "అబ్బ, గాలి సూడు బావా!" అంది. తొమ్మిదేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు. ఆ సంబరంలో నిచ్చెన వదిలేసి చప్పట్లు కొట్టాను. నిచ్చెన జారి, బావి గట్టు మీద పడి, మధ్యకి రెండు ముక్కలైంది.

"ఏటా సప్పుడు?" అంది పైనుంచి.

"ఏం లేదు, వడియాలు పెట్టుకో. తొందరేం లేదు," అన్నాను.

ఎంతసేపని దాస్తాను? అరగంటకి ఎండ నడినెత్తికొచ్చింది. రమణి పిట్టగోడ మీంచి వంగి "దించుతావా లేదా!" అని కేకేసింది. నేను గోడ మీంచి తల పెట్టి, "సింహాచలం గారూ," అని పిలిచాను.

"మా తమ్ముడు అమ్మీసినప్పుడు నన్నో మాటడిగినాడేటి? కొన్నోలు మీరడిగినారేటి? ఇల్లంతా కొలిసీసి ఎలిపోనారు, పక్కనున్నోడు మనిసి కాదేటి?" అన్నాడాయన మంచం మీంచి కదలకుండా.

నిజమే. అంతలో లోపల్నుంచి ఆయన భార్య పైడమ్మ వచ్చింది.

"నీ పౌరుసం మండా! పిల్ల ఎండలో మాడిపోతంటే మాటలేటి? రాయమ్మా, ఇటేపు దిగు, సూసుకుని దిగు."

రెండు వాటాల డాబాకీ మధ్య మోకాలెత్తు ఇటుకల వరసే ఉంది. రమణి దాన్ని దాటి అటు దిగింది. దిగిన మనిషి గంటకి కూడా ఇవతలికి రాలేదు. గోడకి చెవి పెట్టి వింటే, చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతూ నా టేపు కథ చెబుతోంది. పెద్దాయన నవ్వు కూడా వినిపించింది.

సాయంత్రానికి గోడ అవతల్నుంచి పెద్దాయన తీర్పు వచ్చింది. "పిల్ల ఎప్పుడు కావాలంటే అప్పుడు మా మెట్లెక్కొచ్చు. మేస్టారు మాత్రం అడిగి ఎక్కాల."

రెండేళ్ళు అడిగానండీ. గోడ దగ్గర నిలబడి "మావా, ఎక్కొచ్చా?" అంటాను. "ఏటి పని?" అంటాడాయన. కారణం నచ్చితే సరే, లేకపోతే లేదు. మా బళ్ళో పిల్లలు కూడా నన్నింత వినయంగా సెలవడగలేదు.

మొన్న పెళ్ళిరోజుకి రమణికి చెప్పకుండా ఇనప మెట్లు చేయిద్దామని వెల్డింగు మనిషిని పిలిచాను. ఆయన కొలుస్తుండగా రమణి డాబా మీంచి చూసింది.

"ఎవులికి బావా మెట్లు?"

"నీకే. ఎవుల్నీ అడక్కుండా ఎక్కుదువని మాటిచ్చాను కదా."

"అడగనిచ్చినోలెవులు? రోజూ పొద్దున్నే పైడమ్మత్తే పిలస్తాది. నాను పది నిమసాలు ఆలిస్యమైతే మావే వొచ్చి గోడ తడతాడు. ఈ మెట్లెట్టీసి నానొక్కర్తినే పైకెల్లి ఏటి సేస్కోవాల?"

అప్పుడు చూశాను, గోడకి అవతల సింహాచలం మావ నిలబడి ఉన్నాడు. "మా మెట్లేటి సేసినాయి మేస్టారూ?" అన్నాడు. అంత మెల్లగా మాట్లాడ్డం ఆయనకి అలవాటు లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. వెల్డింగు మనిషికి టీ ఇచ్చి పంపించేశాను.

ఆకాశం మబ్బేసి, డాబా మీద రమణి ఎండబెట్టిన వడియాల మీద చినుకులు మొదలయ్యాయి. నేను గోడ దగ్గరికి వెళ్ళి, కుడిచెయ్యి పైకెత్తి, గొంతు సవరించుకుని అందరూ వినేలా ప్రకటించాను. "శ్రీకూర్మనాథ స్వామి సాక్షిగా చెబుతున్నాను మావా. ఈ జన్మలో ఇంకే ఇల్లూ పక్కవాళ్ళని పలకరించకుండా కొనను. మెట్లెవరివో తెలుసుకోకుండా టేపు ముట్టుకోను. మీ ఇద్దరూ ఉండగా ఈ పెరట్లో నిచ్చెనగానీ, ఇనప మెట్లుగానీ పెట్టను. మావా, వడియాలు తియ్యాలి. ఎక్కొచ్చా?"

"వాన పడిపోతంటే అడుగుతాడేటి ఈ మనిసి!" అని కసిరాడు మావ. "మన మెట్లే, బేగెక్కు!"