గాజు తలుపు అవతల పెద్దనాయన

2023 చలికాలం. కడపలో మా గది తెరిచి అప్పటికి ఏడాది దాటింది. మేం గది అద్దెకిచ్చేది ఇంటర్వ్యూల కోసం. ఇంట్లో నెట్ మధ్యలో ఆగుతుందని, సరిగ్గా జవాబు చెప్పేటప్పుడే కుక్కరు కూస్తుందని భయపడేవాళ్లు గంట లెక్కన తీసుకుంటారు. కావాలంటే ముందుగా మాక్ ఇంటర్వ్యూ, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ, నేనే చేస్తాను. నేను ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చదివాను. ఏ పనైనా ముందు జాబితా రాసుకోకుండా మొదలుపెట్టను.

గదికి నేను రాసుకున్న జాబితా ఇది. రెండు వేరు వేరు నెట్ లైన్లు, ఒకటి పోతే రెండోది అందుకోవాలి. కరెంటు పోయినా ఆగని యూపీఎస్. ముఖం మీద నీడ పడకుండా రింగ్ లైట్, అంటే గుండ్రటి దీపం. గోడలకు సౌండ్‌ప్రూఫింగ్. ఈ చివరిది తప్పనిసరి, ఎందుకంటే మా కింద మస్తాన్ బాయి బండలు కోసే షాపు ఉంది. ఆ రంపం మొదలైతే వీధి చివర ఉన్నవాడికి కూడా పళ్లు జివ్వుమంటాయి. లోపల ఏదైనా మొరాయిస్తే బయటి నుంచే కనిపెట్టాలని తలుపు మాత్రం గాజుది పెట్టించాను. లోపల జరిగేది కనిపిస్తుంది, వినిపించదు. ఈ ఏర్పాటు చూసుకుని చాలా మురిసిపోయేవాణ్ని.

ఆ డిసెంబరులో కోయిలకుంట్ల దగ్గరి పల్లె నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది. అమెరికాలో ఒక చిన్న ఊళ్లో బయాలజీ డిగ్రీ చదివి, వీసా పని మీద ఇంటికి వచ్చింది. అదే సమయానికి అక్కడి ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు. ఎన్నో కాలేజీలకు దరఖాస్తు పెడితే పిలిచింది అదొక్కటే. అది పోతే చదువు మాట ఇక ఎత్తనని ఇంట్లో ఒప్పుకుని వచ్చింది. వెంట ఆమె పెద్దనాయన ఓబుళరెడ్డి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మాట్లాడకపోయినా మాట్లాడుతున్నట్టుండే మీసం.

"నీ గురించి రెండు మాటలు చెప్పమ్మా," అన్నాను మాక్ మొదలుపెడుతూ.

ఆమె పెద్దనాయన వైపు చూసింది.

"హిమజ," అన్నాడాయన. "శానా బాగ చదువుతాది. పదో తరగతిలో మండలం ఫస్టు."

"సార్, ఆ అమ్మాయే చెప్పాలి."

"చెప్పు పాపా, చెప్పు." ఒక్క క్షణం ఆగాడు. "సిగ్గప్పా ఆ పాపకు. నేను చెప్తాండా గదా, రాసుకో."

ఆస్టియోపతిక్ వైద్యం అంటే ఏమిటో నాకూ అంతకు ముందు రోజే తెలిసింది. అక్కడ ఆ కాలేజీలో చదివినవాళ్లు కూడా పూర్తి డాక్టర్లే. మందులిస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. అదనంగా చేతులతో తాకి కండరాలు, కీళ్లు, వెన్ను పరీక్షించి సరిచేయడం నేర్చుకుంటారు. ఇది చెబితే ఓబుళరెడ్డి చాలాసేపు ఆలోచించాడు.

"చేతుల్తో ఎముకలు సరిచేసేదానికైతే పుత్తూరు కట్టు ఉండాది గదప్పా. తెల్లార్తో బస్సెక్కితే అయిపాయ. దానికి అమెరికా యాల?"

ఆ కాలేజీ ఇంటర్వ్యూ పద్ధతి పేరు ఎమ్ఎమ్ఐ, మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ. ఒకే గంటలో వరుసగా ఆరు చిన్న ఇంటర్వ్యూలు. ఒక్కోదాన్ని స్టేషన్ అంటారు. తెర మీద ఒక సందర్భం చూపిస్తారు, ఆలోచించుకోవడానికి కాస్త సమయమిస్తారు, తర్వాత కొత్త మనిషి వచ్చి మాట్లాడతాడు. అది ముగిశాక ఇంకో మనిషి. పాఠం అప్పగించినట్టు చెబితే పనికిరాదు. నీ ఆలోచన ఏమిటో చూస్తారు. హిమజ అవన్నీ బట్టీ పట్టి వచ్చింది. బట్టీలో రాని ప్రశ్న వేస్తే చాలు, మెడ పెద్దనాయన వైపు తిరిగేది.

"మీరు ఓడిపోయిన ఒక సందర్భం చెప్పండి," అన్నాను.

"మా ఇంట్లో ఓడిపోయేది లేదప్పా," అన్నాడు ఓబుళరెడ్డి. "సర్పంచు ఎలక్షన్ల ఒగసారి జరిగింది. అది కూడా వాళ్లు మోసం చేసినారు."

"మీ స్నేహితురాలు పరీక్షలో కాపీ కొడుతూ కనిపించింది. ఏం చేస్తారు?"

"చూడనట్టుండల్ల. రేపు వాళ్లింట్లో పెండ్లికి పోవల్లనా వద్దా?"

అంతలో ఆయనకు ఫోను వచ్చి బయటికి వెళ్లాడు. గాజు తలుపు మూసుకుంది. హిమజ ఒక్కసారిగా కుర్చీలో వెనక్కి వాలింది.

"అన్నా, అక్కడ నేనొక్కదాన్నే ఉంటా. నా బాడుగ నేనే మాట్లాడుకుంటా, నా గొడవలు నేనే పడతా. ఈడికొస్తే నోరు పెగల్దు. అలవాటు అట్లయిపోయింది."

"సరే, ఆయన లేడు కదా. ఈ చదువే ఎందుకు?"

"ఇంటర్‌లో వాలీబాల్ ఆడతా భుజం జారిపోయింది. మూడు ఆస్పత్రులు తిరిగినాం. ముగ్గురు డాక్టర్లు ఎక్స్‌రే చూసినారు గానీ నా భుజం ఒగరూ ముట్టుకోల్యా. నాలుగో ఆమె ముట్టుకునింది. చెయ్యి పెట్టి, 'ఈడేనా?' అన్నాది. అప్పుడే అనుకున్యా."

"ఇదే చెప్పు. ఆ బట్టీ పట్టిందంతా వదిలెయ్."

"ఎట్ల చెప్పల్ల? బాత్రూంలో జారినానని చెప్పింటి ఇంట్లో. వాలీబాల్ వద్దన్న్యాడు పెద్దనాయన."

అసలు ఇంటర్వ్యూ మన సాయంత్రం ఆరున్నరకు, వాళ్లకు అప్పుడు తెల్లవారుతుంది. గదిలో అభ్యర్థి ఒక్కరే ఉండాలి; రెండో మనిషి కనిపిస్తే ఇంటర్వ్యూ రద్దు చేసే హక్కు కాలేజీకి ఉంది. ఈ నిబంధన ఓబుళరెడ్డికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన తల ఊపి, గాజు తలుపుకు ఎదురుగా బెంచీ లాక్కుని కూర్చున్నాడు.

మూడు స్టేషన్లు బాగానే జరిగాయి. నాలుగోది మొదలవుతుండగా కింద రంపం మోగింది. మస్తాన్ బాయి ఆరింటికే మూసేవాడు, ఆ రోజు ఎవరిదో గృహప్రవేశం బండలట. సౌండ్‌ప్రూఫింగ్ ఉన్నా నేల అదురుతుంది, ఆ అదురు మైకులోకి పోతుంది. నేను మెట్లు దిగి పరుగెత్తాను.

"మస్తాన్ బాయి, కాసేపు ఆపు, పైన ఇంటర్వ్యూ!"

"క్యా ఇంజనీర్ సాబ్, మీ పైన ఎప్పుడు ల్యాకుండా ఉండాది ఇంటర్వ్యూ? ఈ ఒగ బండ కోసి ఆపేస్తా."

"ఆ ఒక్క బండకే ఒక పిల్ల డాక్టరు చదువు పోతుంది."

"అట్ల చెప్పు మరి," అని ఆపేశాడు.

నేను తిరిగి మెట్లెక్కేసరికి బెంచీ ఖాళీగా ఉంది. గాజు తలుపు బార్లా తెరిచి ఉంది.

నాలుగో స్టేషన్ గురించి ముందే చెప్పాల్సింది. అందులో వచ్చేది స్టాండర్డైజ్డ్ పేషెంట్, అంటే రోగిలా నటించడానికి శిక్షణ పొందిన మనిషి. ఆ రోజు ఆయనకిచ్చిన పాత్ర నడుము నొప్పితో విసిగిపోయి డాక్టర్ల మీద అరిచే గుమాస్తా. హిమజ అడ్డు రాకుండా, తల వంచి వినాలి. అలా వినమని నేనే నేర్పించాను. గాజులోంచి చూస్తే ఎలా ఉంటుంది? మాట వినిపించదు. తెర మీద ఒక తెల్లవాడు చేతులు విసిరి అరుస్తున్నాడు, తమ ఇంటి పాప తల వంచుకుని కూర్చుంది. నేను అంతగా మురిసిపోయిన తలుపు ఆయనకు చూపించింది ఇదే.

"ఏమప్పా!" ఓబుళరెడ్డి తెర ముందు నిలబడి వేలు చూపిస్తున్నాడు. "ఆడపిల్లను పట్టుకొని యాల అరుస్తాండావు? సీటిస్తే ఇయ్యి, ల్యాకుంటే పో! మేమేమన్నా నీ ఇంటికొచ్చి అడుగుతాండామా?"

నటుడు గొప్పవాడు. పాత్ర వదలకూడదని అతని శిక్షణ. నడుము పట్టుకుని ఇంకా గట్టిగా మూలిగాడు.

ఆయన్ని బయటికి లాగాలి, కానీ నేను లోపలికి వెళితే మూడో మనిషిని అవుతాను. అయితే కెమెరా పరిధి నేనే కొలిచి పెట్టాను. బల్ల అంచుకు కిందిది దానికి కనిపించదు. మోకాళ్ల మీద, చేతుల మీద పాకుతూ వెళ్లి ఓబుళరెడ్డి పంచె కొస పట్టి గుంజాను.

"ఎవుర్రా పంచె గుంజేది?" అని ఆయన ఎగిరిపడ్డాడు. ఒక చేత్తో పంచె పట్టుకుని, రెండో చేతి వేలు మాత్రం తెర మీద నుంచి తీయలేదు.

అప్పుడు హిమజ లేచి నిలబడింది. నేను కింద నుంచి ఆమె ముఖం చూస్తున్నాను. అలవాటు ప్రకారం పెద్దనాయన వైపు చూసింది. ఈసారి ఆ చూపు జవాబు కోసం కాదు.

"పెద్దనాయనా. ఆయప్ప నన్ను తిట్టడం ల్యా. నొప్పికి అరుస్తాండాడు."

"నొప్పా? యాడ?"

"నడుములో. ఆయప్పతో నేను మాట్లాడతాండా. నువ్వు పోయి బయట కూచో."

గదిలో నిశ్శబ్దం. రంపం ఆపినందుకు మొదటిసారి బాధపడ్డాను.

ఓబుళరెడ్డి వేలు మెల్లగా దిగింది. "నడుమైతే ముందే చెప్పల్ల గదా," అని గొణిగాడు. తెర వైపు తిరిగి, "ఉప్పు మూటగట్టి కాపడం పెట్టుకోప్పా, నాగ్గూడా ఉండాది," అని సలహా ఇచ్చి బయటికి నడిచాడు.

హిమజ కూర్చుంది. బట్టీ పట్టిన మొదటి వాక్యం, 'మీ బాధ నేను అర్థం చేసుకోగలను' అనేది, రాలేదు. "క్షమించండి, ఆయన మా పెద్దనాయన. మీకు ఉప్పు కాపడం చెప్పి వెళ్లారు," అంది ఇంగ్లీషులో. నటుడి పెదవి ఒక్క క్షణం అదిరింది. తర్వాత అడిగింది: "ఇంతమంది డాక్టర్లను చూశానన్నారు. వాళ్లలో ఎవరైనా మిమ్మల్ని ముట్టుకుని చూశారా?"

అరుస్తున్న మనిషి ఆగాడు. "లేదు. ఒక్కరూ లేదు," అన్నాడు తగ్గిన గొంతుతో.

ఆ స్టేషన్ ముగియగానే తెర మీదికి కోఆర్డినేటర్, అంటే ఇంటర్వ్యూలు నడిపించే ఆవిడ, వచ్చింది. ముఖంలో నవ్వు లేదు. గదిలో ఇంకెవరున్నారో తెలియాలి, కెమెరా తీసి గదంతా చూపించమంది. నేను ఇంకా బల్ల కిందే ఉన్నాను. హిమజ వెబ్‌క్యామ్ చేతిలోకి తీసుకుని గోడలు చూపింది, తలుపు చూపింది, కిందికి వంచింది. మోకాళ్ల మీద ఉన్న నేను రెండు చేతులూ జోడించాను. ఇంకేం చేయాలో ఏ జాబితాలోనూ లేదు.

"ఈయన?"

"ఈ గది ఇంజనీరు. మా పెద్దనాయనను బయటికి లాగడానికి వచ్చారు. లాగలేకపోయారు."

ఆవిడ చాలాసేపు ఏదో రాసుకుంది. జరిగింది కమిటీకి తెలియజేస్తామని, నిర్ణయం వాళ్లదని, ప్రస్తుతానికి మిగిలిన స్టేషన్లు కొనసాగించవచ్చని చెప్పింది. నేను పాకుతూనే బయటికొచ్చి తలుపు మూశాను. ఈసారి దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

బెంచీ మీద ఓబుళరెడ్డి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా, విన్న్యావా? నన్ను బయట కూచోమన్న్యాది."

"ఏమనుకోకండి సార్, కంగారులో..."

"కంగారు యాడుండాది? గొంతు అచ్చం మా అమ్మ గొంతు. మా అమ్మ కూచోమంటే మా నాయన కూచునేటోడు." పంచె కొస సవరించుకున్నాడు. "నేను చెడగొట్టినానా?"

"తెలియదు సార్," అన్నాను. నిజంగానే తెలియదు.

ఆఖరి స్టేషన్ నడుస్తోంది. గాజులోంచి చూస్తే హిమజ నవ్వుతూ మాట్లాడుతోంది. ఉన్నట్టుండి కుడి చెయ్యి పైకెత్తి గాలిలో దేన్నో బలంగా కొట్టింది, ఆ వెంటనే ఎడమ చేత్తో భుజం పట్టుకుంది.

"ఏం చూపిస్తాండాదప్పా అది?" అన్నాడు ఓబుళరెడ్డి నా భుజం పక్క నుంచి తొంగిచూస్తూ.

"ఏదో బాత్రూంలో జారిన సంగతి అనుకుంటా సార్," అన్నాను. సౌండ్‌ప్రూఫింగ్‌కు పడ్డ శ్రమకు ఆ ఒక్క నిమిషంలో ఫలితం దక్కింది.

మొదట వెయిటింగ్ లిస్టులో పెట్టారు. అంటే ఎవరైనా సీటు వదులుకుంటే పిలుస్తారు. ఆ రెండు నెలలూ ఓబుళరెడ్డి రోజూ ఫోను చేసి, "కమిటీ వాళ్లకు నేను ఒగ మాట చెప్పేదా?" అని అడిగేవాడు. వద్దు సార్ అని నేను బతిమాలేవాణ్ని. మార్చిలో సీటు వచ్చింది. ఎందుకిచ్చారో కాలేజీ చెప్పలేదు. ఆ స్టేషన్‌లో ఎన్ని మార్కులు వేశారో కూడా ఎవరికీ తెలియదు.

ఆ ఇంటర్వ్యూ తర్వాత గాజు తలుపుకు లోపల పరదా కట్టాను. నాకు చూడాల్సి వస్తే ఒక మూల మాత్రం తొలగించి చూస్తాను. మస్తాన్ బాయికి ఇంటర్వ్యూల వేళలు ముందే చెబుతాను. మాక్ పద్ధతి కూడా మారింది. అంతకు ముందు జవాబులు దిద్దేవాణ్ని. ఇంగ్లీషు, చెప్పే క్రమం, చేతుల కదలిక. ఇప్పుడు మొదటి రోజు ఇంటి పెద్దను పక్కన కూర్చోబెట్టి, ఆయన ముందే ప్రశ్నలడుగుతాను. మన పిల్లలకు తెలియని వాళ్ల ముందు మాట్లాడటం అంత కష్టమేం కాదు. తెలిసినవాళ్ల ముందు తమ మాట తాము చెప్పడమే కష్టం. అది దాటినవాళ్లకు నేను నేర్పాల్సింది పెద్దగా ఉండదు.

ఓబుళరెడ్డి కలెక్టరాఫీసు పనిమీద కడపకు వచ్చినప్పుడల్లా మా గదికి వస్తాడు. ఆ రోజు ఎవరికైనా మాక్ ఉంటే రోగి పాత్ర ఆయనదే. నటించాల్సిన పని లేదు, నడుము నొప్పి సొంతది. ఆయనను శాంతంగా కుర్చీలో కూర్చోబెట్టగలిగినవాళ్లు ఇంతవరకు ఇద్దరే.

మొన్న వచ్చినప్పుడు టీ తాగుతూ అడిగాడు: "ఆయప్ప నడుము ఇప్పుడెట్ల ఉండాదంటప్పా?"

"సార్, ఎన్నిసార్లు చెప్పాలి? ఆయన నటుడు. నొప్పి లేదు."

"నీకు తెల్దులే," అన్నాడు గ్లాసు కింద పెట్టి. "నేను బయటికొచ్చినాక పాప ఏమో అడిగినప్పుడు ఆయప్ప మొగం నేను చూసినా. ఈ సారి ఆ కాలేజోళ్లతో మాట్లాడినప్పుడు కనుక్కో, ఉప్పు కాపడం పెట్టినాడా ల్యాదా అని."